సంతకం కింది పేరా

లేఖ సంఖ్య: 1
నైతిక సమీక్షా సంఘం కార్యాలయం,
పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, లిఫ్టు ఆగని వైపు.
జనవరి 9

గౌరవనీయురాలైన అక్కకు,

ఉత్తరం అనేది ఉత్తరంగా గుర్తింపు పొందాలంటే దానికి కొన్ని అర్హతలు ఉండాలి. సంఖ్య, స్థలం, తేదీ, సంబోధన, విషయం, పూర్వ లేఖ ప్రస్తావన, వివరణ, ముగింపు, సంతకం. ఈ వరుసలో ఏ ఒక్కటి లోపించినా, వరుస తప్పినా, అది ఉత్తరం కాదు. కాగితం మీద జరిగిన కబుర్లు మాత్రమే. ఐదో తేదీన నీ నుంచి నాకు అందిన దానిలో "ఒరేయ్ రూళ్లకర్రా" అనే సంబోధన, "వెంటనే జవాబియ్యకపోతే నేనే బస్సెక్కి వస్తా" అనే ముగింపు తప్ప తక్కిన అంగాలేవీ కనబడలేదు. అయినప్పటికీ మానవతా దృష్టితోనూ, నీ మరదలు పట్టుబట్టిన కారణంగానూ, దానిని ఉత్తరంగానే పరిగణిస్తున్నాను. దీనిని ముందు ముందు ఉదాహరణగా చూపరాదు.

విషయం: చేతుల వణుకుకు కొత్త మందు, పరిశోధన ముగింపు, నీ సందేహాలు.

నీకు తెలిసినదే అయినా పద్ధతి ప్రకారం మళ్లీ చెప్పాలి. మనుషుల మీద మందు పరీక్షించదలచినవారు ముందుగా మా సంఘం అనుమతి పొందాలి. నేను ఆ సంఘానికి కార్యదర్శిని. మీ ఊరి చిన్నాసుపత్రికి సొంత సంఘం లేదు కనుక మా అనుమతే అక్కడా చెల్లుతుంది. నువ్వు ఆ పరిశోధనలో చేరిన రోజే "ఈమె నా తోడబుట్టినది" అని మూడు ప్రతుల్లో ప్రకటించాను. అప్పటి నుంచి ఆ ఫైలు చర్చకు వచ్చినప్పుడల్లా గది బయట కూర్చుంటున్నాను. అందుకోసం వరండాలో ఒక కుర్చీ కేటాయించారు. దానికి నంబరు కూడా వేయించాను.

పరిశోధన ఈ నెల 31తో ముగుస్తుంది. ఆనాటికి మిగిలిన మాత్రలు, ఖాళీ సీసాలు నర్సుకు అప్పగించాలి. ఆ తర్వాత మందు ఇస్తారా అని అడిగావు. అంగీకార పత్రంలో పద్నాలుగో అంశం చూడు: "అనుమతి పొందిన ప్రణాళికలో పేర్కొన్నంత మేరకే మందు ఇవ్వబడును." ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు. రాసింది నేనే.

బస్సు డిపో పని నీకు దక్కినందుకు అభినందనలు. ఈ వాక్యం వ్యక్తిగతం. పై విషయంతో కలిపి చదవరాదు.

ఇట్లు,
నీ తమ్ముడు (కార్యదర్శి హోదాలో కాదు)

*

బస్సు డిపో, నిచ్చెన మూడో మెట్టు.
జనవరి 16

ఒరేయ్ రూళ్లకర్రా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. సైకిలు చక్రానికి చువ్వలు బిగిస్తూ చివరిదాకా విన్నాడు. విని, "ఇంతకీ ఇస్తారా, ఇవ్వరా?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ ఒక్క ముక్కా దొరకలేదు.

సరే గానీ, ఈ అక్షరాలు చూడరా. నేనే రాశాను, నా చేత్తోనే. పదకొండేళ్లు నా ఉత్తరాలన్నీ మీ బావకి చెప్పి రాయించాను. టీ కప్పు సగం పోస్తే గానీ నోటిదాకా తెచ్చుకోలేకపోయేదాన్ని. బోర్డులు రాసి బతికే మనిషికి చేతులు వణికితే ఎలా ఉంటుందో నీకు తెలుసా? ఒక పాల దుకాణానికి "తాజా" అని రాశాను. ఓనరు కాసేపు తల అటూ ఇటూ వంచి చూసి, "అక్షరాలు బానే ఉన్నాయమ్మా, కాకపోతే వాటికి చలేస్తున్నట్టుంది" అన్నాడు.

ఏడాదిన్నరగా ఆ తెల్ల మాత్ర వేసుకుంటున్నా. రెండో నెల్లో ఒక పొద్దున కప్పు నిండా టీ పోసుకుని తాగేశాను. మీ బావ చూసి, లోపలికెళ్లి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఇప్పుడీ డిపోలో నలభై రెండు బస్సులు, ముందొకటి వెనకొకటి నంబర్లు రాయాలి. పైవాళ్లు ఇదివరకు స్టిక్కర్లు అంటించారట. వానకి 6 కి పైన జిగురు ఊడి, తలకిందులుగా వేలాడి 9 అయిందట. సగం బస్సు జనం ఎక్కడికో వెళ్లి దిగారు. మేనేజరు నన్ను పిలిచి, "అమ్మా, మార్చి నెలాఖరుకల్లా అన్నీ అయిపోవాలి. చేత్తోనే రాయండి, వానొస్తే తిరగబడకూడదు" అన్నాడు. అన్నింటికంటే 8 కష్టం రా. బ్రష్ ఎత్తకుండా, ఊపిరి వదలకుండా ఒక్క చుట్టులో రావాలి. ఇవాళ నాలుగు 8లు రాశాను. నాలుగూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి.

నేను నిన్ను సిఫారసు అడగట్లేదు. ఒక్కటే అడుగుతున్నా. ఈ మందు పనిచేస్తుందో లేదో నా చేతుల మీద చూసుకున్నారు. చేసింది. చేసింది కాబట్టి ఇక సీసా తిరిగిచ్చేయమంటున్నారు. ఇదేం న్యాయం రా? పని చెయ్యకపోయుంటే నేనే మీ మొహాన కొట్టేదాన్ని కదా!

ఇంకో మాట. మీ పద్నాలుగో అంశం పట్టుకుని మా డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. "ప్రణాళికలో ఏం రాసుందమ్మా?" అంటే, ఆవిడ, "మొదట పంపిన కాగితాల్లో దీని గురించి ఓ పేరా ఉండేదండీ, నేనే టైపు చేయించిన గుర్తు. అనుమతై తిరిగొచ్చిన దాంట్లో మాత్రం లేదు" అంది. ఆ పేరా ఏమైందో కనుక్కుని రాయి.

8 ఆరింది. దిగుతున్నా.

అక్క

*

లేఖ సంఖ్య: 2
కార్యాలయం, పై చిరునామా.
జనవరి 24

గౌరవనీయురాలైన అక్కకు,

విషయం: పైదే. పూర్వ లేఖ: నీది, సంఖ్య లేనిది, ఒక మూల పసుపు పెయింటు అంటినది.

మందు కొనసాగించమని మీ డాక్టరమ్మ పంపిన అర్జీ ఇరవయ్యో తేదీ సమావేశంలో చర్చకు వచ్చింది. నేను నియమానుసారం లేచి నా కుర్చీలోకి వెళ్లాను. జరిగిన చర్చను మినిట్స్‌గా రాసేది నేనే కనుక లోపల మినిట్స్ ఆగిపోయాయి. మా అధ్యక్షులు విశ్రాంత జడ్జిగారు. ఆయన తలుపు ఓరగా తెరిచి, "మేం ఇంతవరకు అన్నది రాసుకున్నారా?" అని అడిగారు.

"నేను వినలేదండి. వినకూడదు కూడా."

"అయితే వినకుండానే రాయండి."

"చర్చ జరిగినది" అని రాశాను. ఆ వాక్యంలో ఏ తప్పూ లేదని అందరూ అంగీకరించారు. "ప్రణాళికలో లేనిది ఇవ్వలేము" అన్నది నిర్ణయం.

ఇవ్వకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఏడాదిన్నర దాటాక ఈ మందు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. పరిశోధన నడిచినన్నాళ్లూ నెలనెలా నీ రక్తం తీసి కాలేయం ఎలా ఉందో చూశారు. ఆ కాపలా లేకుండా మాత్ర ఒక్కటే చేతిలో పెట్టడం మంచిదా? రెండోది, "అయిపోయాక కూడా మందిస్తాం" అని ముందే ఆశ చూపిస్తే, ఆ ఆశతోనే జనం ప్రమాదం సంగతి చదవకుండా సంతకం పెట్టేస్తారని పెద్దల అభిప్రాయం. ఈ వాదనలు నావి కావు. కానీ పేరాలు విడగొట్టింది నేను.

నువ్వడిగిన పేరా సంగతి పరిశీలనలో ఉంది. ఆ ఫైలున్న బీరువా తాళం గుమస్తా దగ్గర ఉంది. గుమస్తా సెలవులో ఉన్నాడు.

ఆరోగ్యం జాగ్రత్త. మెట్లు చూసుకుని దిగు.

ఇట్లు,
నీ తమ్ముడు

*

ఇల్లు, సైకిలు షాపు వెనక గది.
ఫిబ్రవరి 12

రూళ్లకర్రకి,

చెప్పేది నేను, రాసేది మీ బావ. కాబట్టి విషయం నీకు అర్థమయ్యే ఉంటుంది. (ఏమోయ్ బావమరిదీ, కులాసానా? — బావ)

నెలాఖరున సీసా ఇచ్చేసి వచ్చాను. నర్సు మూతతో సహా లెక్క చూసుకుంది. ఐదు రోజులు ఏమీ కాలేదు. "చూశావా, ఇక మందుతో పనిలేదు, పూర్తిగా నయమైపోయింది" అని మీ బావతో అన్నాను. (అనలేదు. డాన్సు చేసింది. — బావ) ఆరోనాడు కప్పు అంచు పళ్లకి తగిలి టకటకమంది.

ఇరవై ఏడు బస్సులు అయ్యాయి. ఇరవై ఎనిమిదోది 38 నంబరు. రాశాను. డ్రైవరు దిగొచ్చి చూసి, "మూడు బావుందక్కా. ఆ పక్కనున్నది గుమ్మడికాయా?" అన్నాడు. నవ్వలేక చచ్చాను. మేనేజరు మంచివాడు, "తొందరేం లేదమ్మా, మార్చి నెలాఖరుదాకా చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ స్టిక్కర్లే.

మీ బావేమో స్టెన్సిలు కోసిస్తా, దాని మీద రంగు కొట్టెయ్యి అన్నాడు. (మంచి సలహానే ఇచ్చాను. — బావ) నీ సైకిళ్లకి మూడో చక్రం తగిలించుకో, పడిపోవు అన్నాను. (ఇక్కడ ఇంకో మాట కూడా అంది. అది రాయను. — బావ)

మా ఆసుపత్రి నుంచి ఆ పరిశోధనలో ఉన్నవాళ్లం తొమ్మిది మందిమి. ఇప్పుడు ఎవరికి అసలు మాత్ర ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తిది ఇచ్చారో చెప్పేశారు. వాళ్లలో బార్బరుదీ నాదీ అసలుది. అతను మళ్లీ వణుకొచ్చి కత్తి పట్టుకోవడం మానేశాడు, ఊళ్లో జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారనుకో. ఫ్లూటు మేష్టారికి ఇచ్చింది ఉత్తుత్తిదట. ఏడాదిన్నర పాటు రోజుకి రెండు పూటలా, మాత్ర వేసుకున్నాక "కొంచెం నయంగా ఉందండీ" అని డైరీలో రాశాడు పాపం. పిచ్చి మహారాజు.

పేరా "పరిశీలనలో ఉంది" అన్నావు. నీకు ఎనిమిదేళ్లప్పుడు పక్కింటివాళ్ల కిటికీ అద్దం పగిలినప్పుడు నాన్న "ఎవర్రా?" అంటే నువ్వేమన్నావో గుర్తుందా? "కనుక్కుంటున్నాను నాన్నా" అన్నావు. బంతి నీ చొక్కాలోనే ఉంది. వెనకున్న నాకు నీ వీపు దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

అంతే.

అక్క

(బావమరిదీ, ఆవిడ లేచి వెళ్లింది. ఇది నా మాట. నిన్న మధ్యాహ్నం డిపోకి టీ ఇద్దామని వెళ్లాను. నిచ్చెన కింద కూర్చుని ఉంది. బ్రష్ ముంచి, కుడిచేతి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని, అలా చాలాసేపు బస్సు వంక చూసింది. తర్వాత బ్రష్ కడిగేసి డబ్బాలో పెట్టేసింది. నన్ను చూసి ఏదో జోకేసింది. నేను నవ్వాను. నీకు చెప్పకూడదనుకున్నాను. — బావ)

*

ఇల్లు, వంటింటి బల్ల.
ఫిబ్రవరి 17, పొద్దున

అక్కా,

తాళం గుమస్తా దగ్గర లేదు. నా జేబులో ఉంది. గుమస్తా సెలవులోనూ లేడు. నేను ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఎదురుగా కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

ఆ ఫైలు నేను తియ్యనక్కర్లేదు కూడా. ఆ పేరా ఏమైందో నాకు మొదటి నుంచీ తెలుసు. నీ ఉత్తరం చదివిన రోజే తెలుసు.

రెండేళ్ల కిందట, నువ్వు ఆ పరిశోధనలో చేరకముందు, ప్రణాళిక మొదటిసారి మా కార్యాలయానికి వచ్చింది. నూట పన్నెండు పేజీలు. అక్కా, అంత అందమైన ఫైలు నేనెన్నడూ చూడలేదు. అంచులు సమానంగా, ప్రతి అంశానికీ నంబరు. చివరి పేజీలో కంపెనీవారి సంతకం. ఆ సంతకం గీతకు కింద, నంబరు లేకుండా, "ఇతర విషయాలు" అనే శీర్షికతో నాలుగు వాక్యాలు. మా నియమం ప్రకారం సంతకం తర్వాత ఏదీ ఉండరాదు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన "స్థానం సరికాదు. తొలగించి, తగిన చోట చేర్చి తిరిగి సమర్పించవలెను" అని రాశాను. వాళ్లు తొలగించారు. తిరిగి చేర్చడం మర్చిపోయారు. ఫైలు శుభ్రంగా ఉందని ఆ ఏడాది నన్ను అధ్యక్షులు సభలో మెచ్చుకున్నారు.

ఆ నాలుగు వాక్యాలు ఏమిటంటే: ఈ మందుతో మేలు పొందినవారికి, అది మార్కెట్లోకి వచ్చేవరకు గానీ, హానికరమని తేలేవరకు గానీ, డాక్టరు పర్యవేక్షణలో ఉచితంగా ఇస్తాము.

నేను చదివే కొట్టేశాను, అక్కా. చదవలేదని చెబితే తేలికగా ఉండేది. చదివాను. అందులో ఏముందో చూడలేదు, ఎక్కడుందో చూశాను.

ఆ రెండు వాదనలు పోయిన ఉత్తరంలో ఎంత చక్కగా రాశానో చూశావుగా. నిజంగా ఆలోచించవలసిన వాదనలే. కానీ ఈ పేరా పోయింది వాటి వల్ల కాదు. ఆనాటి బంతి మీద చొక్కాలా, వాటిని నా తప్పు మీద కప్పుకున్నాను.

ఇవాళ పొద్దున నీ మరదలు నా మొహం చూసి, "ఏం చేశారు?" అంది. "ఏమైంది?" అనలేదు. "ఏం చేశారు?" అంది. చెప్పాను. కూరగాయల కత్తి పక్కన పెట్టి, "ముందు మీ అక్కకి రాయండి, తర్వాతే కాఫీ" అంది.

సంఘం ముందు నేనే చెబుతాను. కార్యదర్శి మీద కార్యదర్శే ఫిర్యాదు చేసే విధానం మా నిబంధనల్లో లేదు. వెతికాను. అయినా చేస్తాను.

తమ్ముడు

*

సైకిలు షాపు.
ఫిబ్రవరి 21

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మీద నంబరు లేకపోయేసరికి, ఎవరో పోయారనుకున్నాను.

నిన్ను తిడదామని మూడు రకాలుగా మొదలుపెట్టాను. (మొదటిది బావుంది, నేను వేరే కాగితం మీద రాసి దాచుకున్నాను. — బావ) రాసేసరికి ఈయన చెయ్యి నొప్పంటాడు. కాబట్టి తిట్లు నువ్వొచ్చినప్పుడు మొహం మీదే. నూట పన్నెండు పేజీల్లో మనుషులకి పనికొచ్చే ముక్క ఒక్కటుంటే, సరిగ్గా దాన్నే పట్టుకుని గీత కొట్టావు చూడు. గురి చూసి కొట్టినా అంత బాగా తగలదురా!

కానీ నువ్వు చెప్పావు. ఆ అద్దం సంగతి ఇప్పటికీ చెప్పలేదు. అంటే నలభై ఏళ్లలో కొంత పెరిగావు.

ఇప్పుడు నా షరతులు రాసుకో. నువ్వెళ్లి అక్కడ "మా అక్క చేతులు, మా అక్క బోర్డులు" అని కళ్లు తుడుచుకున్నావో, ఆ మాత్ర నేను మింగను. మీ బావ సాక్షి. (సాక్షినే, కానీ మింగిస్తాను. — బావ) ఇది తొమ్మిది మందిది. ఇంకా వేరే ఊళ్లలో ఎంతమంది ఉన్నారో వాళ్లందరిదీ. నేను కార్యదర్శి అక్కని కాబట్టి మందు రాకూడదు, అక్కని కాబట్టి ఆగనూ కూడదు.

ఇంకోటి. ఫ్లూటు మేష్టారు. పేరాలో "మేలు పొందినవారికి" అని ఉందన్నావు. మరి ఆయన? ఆయనకి మేలెలా జరుగుతుందిరా, మీరిచ్చిందే ఉత్తుత్తిదాయె! ఆయన వణికాడు కాబట్టే కదా, నేను వణకట్లేదని మీకు తెలిసింది? ఆయన లేకపోతే నా మాత్ర పనిచేసిందో, నా మనసు పనిచేసిందో ఎవడు చెప్పగలడు? ఆ మాట మీ జడ్జిగారికి చెప్పు. నీ భాషలో కాదు, ఇలాగే చెప్పు.

ఇక కాలేయం సంగతి. అది నిజమే. నెలనెలా రక్తం తీసుకోమను. తేడా వస్తే ఆపెయ్యమను, నేనే సీసా పట్టుకొచ్చి ఇస్తాను. భయం లేకుండా ఇవ్వమనట్లేదు రా. భయపడుతూ, చూసుకుంటూ ఇవ్వమంటున్నాను.

వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లు. నేరస్తుడిలా వెళ్లకు.

అక్క

(ఇస్త్రీ అవసరం లేదు. ధైర్యంగా వెళ్లు. — బావ)

*

లేఖ సంఖ్య: 3
కార్యాలయం, పై చిరునామా.
మార్చి 10

గౌరవనీయురాలైన అక్కకు,

విషయం: ఏడో తేదీ ప్రత్యేక సమావేశం, అందులో నా ప్రవేశ నిష్క్రమణలు.

సమావేశం పదకొండు గంటలకు ప్రారంభమైనది. ఫిర్యాదుదారుగా నన్ను లోపలికి పిలిచారు. ఫిర్యాదు చదివాను. అంతలో నేను నీ తమ్ముడినని గుర్తొచ్చి బయటికి పంపారు. ఫిర్యాదు ఎవరి మీదో ఆ వ్యక్తి సంజాయిషీ వినాలి కనుక మళ్లీ పిలిచారు. సంజాయిషీ ఏమీ లేదని చెప్పాను. ఆ మాట మినిట్స్‌లో రాయడానికి కార్యదర్శి కావాలన్నారు. నేనున్నాను కదా అంటే, నేరస్తుడు తన సంజాయిషీ తానే రాసుకోరాదని మళ్లీ బయటికి పంపారు. మధ్యాహ్నం లోపు ఏడుసార్లు లోపలికి, ఏడుసార్లు బయటికి వెళ్లాను. ఎనిమిదోసారి జడ్జిగారు విసిగిపోయి, "ఆ కుర్చీ తెచ్చి గుమ్మంలో వేయండి. సగం లోపల, సగం బయట కూర్చుంటారు" అన్నారు. అలాగే కూర్చున్నాను. నా ఎడమ చెవి చట్టబద్ధంగా విన్నది.

నీ మాటలు నీ భాషలోనే చదివాను. "నా మనసు పనిచేసిందో" అన్నచోట మందుల షాపు పెద్దాయన (మా సభ్యుడు, పదిహేనేళ్లుగా ఏ సమావేశంలోనూ నోరు విప్పనివాడు) నిటారుగా కూర్చుని, "ఆవిడ చెప్పింది కరెక్టు" అన్నాడు. గొంతు ఎవరిదా అని అందరం వెతుక్కున్నాం.

కంపెనీ ప్రతినిధిని పిలిచి అడిగారు. నాజూకు మనిషి, ఫైలు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. "మేము ఇస్తామని అప్పుడే రాశాం కదండీ" అన్నాడు. "తియ్యమన్నది మీరే."

"తగిన చోట చేర్చమని కూడా రాశాం కదయ్యా?" అన్నారు జడ్జిగారు.

"తగిన చోటు ఏదో రాయలేదండి. మావాళ్లు ఏడు నెలలు చర్చించారు. తర్వాత ఆ చర్చ చేసేవారు బదిలీ అయిపోయారు."

మా సభ్యుల్లో ఒక హెడ్మిస్ట్రెస్ ఉంది. ఆవిడ అడిగింది: "అంటే ఇవ్వడానికి మీకు అభ్యంతరం లేదు. ఇవ్వనివ్వడానికి మాకు అభ్యంతరం లేదు. మరి ఈ నెలంతా ఆ తొమ్మిది మంది చేతులు ఎవరి అభ్యంతరం వల్ల వణికాయండీ?"

 నేను గుమ్మంలో చెయ్యెత్తాను. లోపలున్న చెయ్యి.

ఆ తర్వాత మిగిలింది అసలు చర్చ. రెండు గంటలు పట్టింది. హడావిడిగా తేల్చనందుకు నాకు గర్వంగా ఉంది. నిర్ణయాలు ఇవి. పేరాను అంగీకార పత్రంలో పదిహేనో అంశంగా, ప్రణాళికలో సంతకానికి పైన చేర్చాలి. అన్ని ఊళ్లలోనూ పరిశోధనలో ఉన్న అందరికీ వర్తించాలి. ఉత్తుత్తి మాత్ర వాడినవారు కోరితే అసలు మాత్ర ఇవ్వాలి, వారికి పనిచేస్తే కొనసాగించాలి. నెలనెలా రక్త పరీక్ష తప్పనిసరి. తేడా కనిపిస్తే ఆపాలి, ఎందుకు ఆపారో మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఇకపై పరిశోధనకు అనుమతి కోరేవారు, అయిపోయాక ఆ మనుషుల సంగతేమిటో మొదటే రాయాలి. ఇస్తామన్నా రాయాలి, ఇవ్వమన్నా రాయాలి.

నాకు మందలింపు విధించారు. మందలింపు లేఖ కార్యదర్శి తయారుచేయాలని నిబంధన. తయారుచేశాను. మొదటి ముసాయిదాలో భాష మెత్తగా ఉందని నాకు నేనే తిప్పి పంపుకున్నాను. రెండోది అంచులు సరిగా లేక వెనక్కి వచ్చింది. మూడోది నిన్న అందుకున్నాను. చాలా కటువుగా ఉంది. బాగా రాశారు.

మాత్రలు బుధవారం మీ ఆసుపత్రికి చేరతాయి.

ఇట్లు,
నీ తమ్ముడు

*

డిపో, నిచ్చెన పై మెట్టు.
ఏప్రిల్ 2

ఒరేయ్ రూళ్లకర్రా!

నా చేతిరాత! చూశావా? "రూ"కి ఆ కొమ్ము దీర్ఘం చూడు, ఎలా తిరిగిందో!

నలభై రెండో బస్సు నిన్నటితో అయిపోయింది. నెలాఖరు ఒక్కరోజు దాటింది. మేనేజరు క్యాలెండరు వంక చూసి, "ఇంకా ఆ కాగితం చింపలేదులెండి, మార్చే" అన్నాడు. 38 మళ్లీ రాస్తానంటే డ్రైవరు బస్సుకి అడ్డం నిలబడ్డాడు. "వద్దక్కా, గుమ్మడికాయ బస్సంటే ఇప్పుడు పిల్లలు దూరం నుంచే గుర్తుపడుతున్నారు" అని. వెనక నంబరు మార్చాను, ముందుది వదిలేశాను. వాడి బస్సు, వాడి ముచ్చట.

మాత్ర మళ్లీ మొదలైన పదోనాడు బార్బరు కత్తి పట్టుకున్నాడు. ముందు గడ్డం ఎవరు ఇస్తారని షాపులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మీ బావ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, "ముందు అంగీకార పత్రం తే, సంతకం పెడతా" అన్నాడు. బార్బరు నిజంగానే కాగితం తెచ్చాడు. "గీత పడితే నాదే పూచీ, తెగితే నీదే పూచీ" అని రాయించుకుని గీశాడు. ఒక్క గాటు లేదు. మీ బావ బయటికొచ్చి వీధి చివరిదాకా బుగ్గలు చూపించుకుంటూ నడిచాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన అంత అందంగా ఉండటం నేను ఒకటి రెండుసార్లే చూశాను.

ఫ్లూటు మేష్టారికి అసలు మాత్ర పడి పద్దెనిమిది రోజులు. నిన్న ఆసుపత్రి వరండాలో, రక్తం ఇవ్వడానికి వరసలో కూర్చున్నప్పుడు, సంచిలోంచి ఫ్లూటు తీశాడు. మూడు స్వరాలు వచ్చాయి. నాలుగోది కూడా నిలకడగా వచ్చేసరికి భయపడి ఆపేశాడు. "ఇది నా ఫ్లూటేనా? ఎవరిదైనా తెచ్చేశానా?" అని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నర్సు సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వాయించండి మేష్టారూ, రక్తం తర్వాత తీస్తాను" అంది. వాయించాడు. మేమందరం చేతులు చాచి కూర్చున్నాం, తొమ్మిది మందిమీ. నాకు ఎందుకో అందరి చేతుల వంకా చూడాలనిపించింది. చూశాను.

ఒకరిద్దరికి ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఒకావిడకి కాలేయం లెక్క కొంచెం పెరిగిందని సగం మోతాదు చేశారు. ఎందుకో డాక్టరమ్మ అరగంట కూర్చుని చెప్పింది. ఆవిడ విని, "సరేనమ్మా, ఇలా చెబితే ఏదైనా మింగుతాను" అంది.

నీ మందలింపు లేఖ కాపీ నాకొకటి పంపు. మీ బావ ఫ్రేము కట్టించి షాపులో పెడతానంటున్నాడు.

అక్క

*

లేఖ సంఖ్య: 4
కార్యాలయం, పై చిరునామా.
ఏప్రిల్ 9

గౌరవనీయురాలైన అక్కకు,

విషయం: సంతోషం.

పూర్వ లేఖ అందినది. ఐదుసార్లు చదివాను. నీ మరదలు రెండుసార్లు చదివి, ఫ్లూటు మేష్టారి దగ్గర ఆగిపోయి, "మీకు ఉద్యోగం పోకపోవడమే కాదు, బుద్ధి కూడా వచ్చింది, ఇంక ఏం కావాలి?" అంది. కాఫీ ఇచ్చింది.

మందలింపు లేఖ రహస్య పత్రం కనుక పంపడానికి వీల్లేదు. మూడు కాపీలు జత చేశాను.

ఇక సంఘం వార్త. జరిగిన పొరపాటు మళ్లీ జరగకుండా నిబంధన ఒకటి రూపొందించమని అధ్యక్షులు ఆదేశించారు. ఇరవై నాలుగు ముసాయిదాలు రాశాను. అన్నింటిలోనూ అంశాలున్నాయి, ఉప అంశాలున్నాయి. హెడ్మిస్ట్రెస్‌గారు వాటన్నింటినీ పక్కకు నెట్టి, "ఆ తొమ్మిది మంది సంగతి ఏ పేజీలో ఉండేదండీ?" అని అడిగింది. "చివరి పేజీలో" అన్నాను. "మరి మనం అందరం మొదటి పేజీ నుంచి ఎందుకు చదువుతున్నాం?" అంది.  దాని మీద నిన్న మధ్యాహ్నం, ఏకగ్రీవంగా, ఈ కింది నిబంధన ఆమోదించాం. రాసింది నేను. ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేదు.

"ఇకపై సంఘం ముందుకు వచ్చే ప్రతి ప్రణాళికనూ సభ్యులు చివరి పేజీలోని చివరి వాక్యంతో ప్రారంభించి, పేజీ వెంబడి పేజీ వెనక్కి చదువుకుంటూ మొదటి పేజీకి చేరవలెను. పరిశోధన ముగిసిన పిదప మనుషులు ఏమవుతారో తేలేవరకు, ఆ పరిశోధన పేరేమిటో తెలుసుకునే హక్కు ఏ సభ్యుడికీ ఉండదు. మధ్యలో నిద్రపోయిన సభ్యుడు మొదటి పేజీ చదివినట్లే భావించబడును. చివరి పేజీలో నిద్రపోయిన సభ్యుడిని లేపవలెను. ఈ నిబంధనపై సవరణలు, అప్పీళ్లు, ఆవులింతలు స్వీకరించబడవు. ఇది అంతిమం."